మేడం విన్న వెబ్‌సైట్

పదకొండేళ్ళు నేను కరీంనగర్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో డిజైనర్‌గా పనిచేశాను. పెళ్ళి పత్రికలు, గృహప్రవేశం కార్డులు, దుకాణాల ఫ్లెక్సీలు, ప్రైవేటు బడుల కరపత్రాలు చేసేదాన్ని. పెళ్ళికూతురి పేరుకూ పెళ్ళికొడుకు పేరుకూ మధ్య ఎంత జాగా వదిలితే కంటికి హాయిగా ఉంటుందో కొలవకుండానే తెలిసేది. ఒకసారి ఒక పెద్దాయన మనవరాలి పెళ్ళి పత్రిక నమూనా చేతిలోకి తీసుకుని, "అక్షరాలన్ని కూసున్నట్టున్నయి బిడ్డా, జర నిలవడేటట్టు చెయ్యి" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు గానీ ఆయన చెప్పింది నాకు సరిగ్గా అర్థమైంది. వరసల మధ్య ఎడం కొద్దిగా పెంచి, అక్షరాన్ని ఒక పిసరు సన్నం చేసి చూపించాను. "ఆఁ, గిప్పుడు నిలవడ్డయి" అన్నాడు. ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను.

తర్వాత్తర్వాత పత్రికలు అచ్చు వేయించేవాళ్ళు తగ్గారు. ఫోన్లో పంపుకోవడానికి ఒక బొమ్మ చేసిస్తే చాలనేవాళ్ళు పెరిగారు. ఒకరోజు పొద్దున మా ప్రెస్ యజమాని నా టేబుల్ దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన్ని నేను అన్నా అని పిలిచేదాన్ని.

"అమ్మా, సుల్తానాబాద్ దిక్కు ఒక సర్కారు బడోళ్ళు వచ్చిండ్రు. బడి పెట్టి యాభై ఏండ్లయితుందట. పాత విద్యార్థులంత కలిసి వెబ్‌సైట్ చేయిస్తమంటున్నరు. చేద్దమా?"

"నాకు వెబ్‌సైట్ చేసుడు రాదన్నా."

"నీకు బొమ్మ చేసుడొస్తది కదా. గోడకు కడితే ఫ్లెక్సీ, ఫోన్లకెక్కితే వెబ్‌సైట్. గంతే."

నేనూ అంతే అనుకున్నాను. వీడియోలు చూసి, కోడ్ రాయకుండానే సైట్ తయారుచేసే పద్ధతి ఒకటి నేర్చుకున్నాను. అది ఖాళీ పేజీ ఇస్తుంది, అందులోకి బొమ్మలు లాగి పెట్టడమే మన పని. ముఖపత్రం, బడి చరిత్ర, పనిచేసిన హెడ్‌మాస్టర్లు, పాత ఫొటోలు, ఉత్సవం వివరాలు, మొత్తం ఐదు పేజీలు. నాకు అలవాటైన సాఫ్ట్‌వేర్‌లో ఐదు పోస్టర్లు చేసినట్టే చేశాను. నాకిష్టమైన గుండ్రటి తెలుగు అక్షరాలు వేసి, ఒక్కో పేజీని ఒక్కో పెద్ద బొమ్మగా ఎక్కించాను. కమిటీవాళ్ళు చూసి మెచ్చుకున్నారు. అన్న ప్రెస్‌లో అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు.

నాలుగోరోజు మధ్యాహ్నం నాకు ఫోన్ వచ్చింది. ఎవరో ఆడమనిషి.

"మన బడి వెబ్‌సైట్ చేసింది మీరేనా అమ్మా? నేను ఆ బళ్ళె సోషల్ టీచర్ను. పేజీ తెరిస్తే ఏం లేదు. ఖాళీగున్నది."

నెట్ సరిగ్గా లేదేమో అనుకున్నాను. "ఒక్కసారి మూసి మళ్ళ తెరువుండ్రి మేడం."

"నాలుగుసార్లు తెరిచిన."

"మరి తెర మీద ఏం కనిపిస్తుంది?"

"నాకు తెర కనిపియ్యదు." బయట వాన పడుతున్నదని చెప్పినంత మామూలుగా చెప్పింది. "నాకు చూపు లేదు. ఫోన్ చదివి చెప్తే వింట. మీ పేజీ మీద వేలు పెడితే 'బొమ్మ' అంటున్నది. ఇంకో దిక్కు పెడితే మళ్ళ 'బొమ్మ' అంటున్నది. లోపల ఏం రాసిండ్రో చెప్తలేదు."

చూపు లేనివాళ్ళు వెబ్‌సైట్ తెరుస్తారని నేను ఎన్నడూ అనుకోలేదు. అనుకోలేదని కూడా అప్పటిదాకా నాకు తెలియదు. "ఆదివారం మీ ఇంటికి వస్త మేడం, ఫోన్ ఎట్ల చదువుతదో నాకొకసారి వినిపియ్యుండ్రి" అన్నాను. అనుకోకుండా నోట్లోంచి వచ్చేసిన మాట అది. ఆమె సంతోషంగా సరేనంది.

*

సుల్తానాబాద్‌లో బస్సు దిగి, ఆమె చెప్పిన గుర్తుల ప్రకారం నడిచాను. ధాన్యం సంచులు దించుతున్న దుకాణం దాటాక కుడివైపు మూడో ఇల్లు. నా చెప్పుల చప్పుడు విని నేను పిలవకముందే తలుపు తీసింది. నలభై ఏళ్ళు దాటిన మనిషి, ఇస్త్రీ చేసిన నూలు చీర. బోథ్ దగ్గర ఒక పల్లెలో రైతు కుటుంబంలో పుట్టింది. నాలుగో తరగతిలో ఉండగా పెద్ద జ్వరమొచ్చి చూపు పోయింది. హాస్టళ్ళలో ఉండి చదువుకుంది, పరీక్ష రాసి టీచర్ అయింది. ఇవన్నీ ఆమె ఒకేసారి కూర్చుని చెప్పలేదు, తర్వాతి నెలల్లో మాటల మధ్య నాకు తెలిసినవి.

చాయ్ పెట్టడానికి లేస్తే నేనూ లేచాను.

"నువ్వు కూసో చెల్లె. నా వంటింట్ల నువ్వే తడుముకుంటవ్" అంది.

నిజమే. అక్కడ ఏ డబ్బా ఎక్కడుందో ఆమెకు తెలుసు. చక్కెర ఎంత పడిందో చెంచా బరువుతో తెలుసుకుంది. పాలు పొంగే ముందు వచ్చే చిన్న చప్పుడు నాకు వినిపించనే లేదు. ఆమె సరిగ్గా అప్పుడే మంట తగ్గించింది.

తర్వాత ఫోన్ తీసింది. అందులోంచి గొంతు ఎంత వేగంగా వచ్చిందంటే నాకు ఒక్క ముక్క అందలేదు. "ఇది నా స్పీడు, నీ కోసం తగ్గిస్త" అని తగ్గించింది. ముందు ఒక వార్తల సైట్ తెరిచింది. వేలితో పక్కకు తోసినప్పుడల్లా ఫోన్ ఒక శీర్షిక చదువుతోంది. కావలసిన చోట ఆగి లోపలికి పోతోంది, అక్కర్లేనిది దాటేస్తోంది.

"నువ్వు పేపర్ ముంగట పెట్టుకుని పెద్దక్షరాలు చూసుకుంట పోవా? నేను గూడ గట్లనే పోత. కాని ఏది పెద్దదో ఏది చిన్నదో పేజీ రాసినోళ్ళు లోపల చెప్పాలె. చెప్పకుంటే ఫోన్‌కు తెల్వది, నాకు తెల్వది."

తర్వాత నా సైట్ తెరిచింది.

"బొమ్మ" అంది ఫోన్. "బొమ్మ. బొమ్మ."

నా పని మీద అప్పటిదాకా నేను విన్న విమర్శల్లో అంతకంటే పొట్టిది లేదు. గుండ్రటి అక్షరాలు, వాటి చుట్టూ నేను అంత శ్రద్ధగా వదిలిన జాగా, ముఖపత్రం కోసం రెండు రోజులు వెతికి పట్టుకున్న నీలం రంగు, ఏదీ ఆ గదిలో లేదు. తల వంచుకున్నాను. అది ఆమెకు కనిపించదని తెలిసీ వంచుకున్నాను.

"గంత పరేషాన్ కాకు" అంది, నా మౌనాన్ని బట్టే కనిపెట్టి. "నీకెవ్వలు చెప్పలే. ఇయ్యాల నేను చెప్పిన. ఇగ చెయ్యి."

*

మర్నాడు ప్రెస్‌కి వెళ్ళగానే నా డిజైన్ ఫైళ్ళలోంచి తెలుగు మాటలన్నీ తీసి పేజీలో పెట్టి ఆమెకు పంపాను. గంటలో ఫోన్ చేసింది. నవ్వు ఆపుకోలేకపోతోంది.

"చెల్లె, ఇదే భాష? మా మొదటి హెడ్‌మాస్టర్ పేరు 'డబ్ల్యూ, స్టార్, బ్రాకెట్, సెవెన్' అని చదువుతున్నది. పాపం, శాన పెద్దమనిషాయన."

ఆ రోజే నాకొక సంగతి తెలిసింది. ప్రెస్‌లో మేం వాడే అక్షరాలు పైకి మాత్రమే తెలుగు. లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. వాటికి తెలుగు రూపం తొడిగారంతే. కాగితం మీద అచ్చయినంత సేపూ ఎవరికీ తేడా తెలియదు. కానీ పదకొండేళ్ళుగా నేను కొట్టినవేవీ కంప్యూటర్ దృష్టిలో తెలుగే కాదు. ఫోన్ చదవాలంటే మొత్తం మళ్ళీ యూనికోడ్‌లో, అంటే లోపల కూడా తెలుగే ఉండే పద్ధతిలో, కొట్టాలి. ఆ కీబోర్డు వేరు. పాత కీబోర్డు మీద పరుగెత్తే నా వేళ్ళు దీని మీద ఒక్కో అక్షరం కోసం వెతుక్కోవడం మొదలుపెట్టాయి.

"సగం నాకియ్యి" అంది మేడం. "నువ్వు చదువు, నేను కొడత."

బడి విడిచిపెట్టాక సాయంత్రాలు నేను ఫోన్లో చదివేదాన్ని, ఆమె అక్కడ తన ఫోన్‌లోనే కొట్టేది. నాకంటే ముందు పూర్తిచేసింది. చేస్తూ చేస్తూ, నేను మూడు ఊళ్ళ పేర్లు తప్పుగా రాశానని కూడా పట్టుకుంది. ఆ తప్పులు అందరూ మెచ్చుకున్న పోస్టర్లలో ఉన్నవే.

నేను అలవాటుపడ్డ ఆ లాగి పెట్టే పద్ధతిలో కావలసినట్టు చేయడం నాకు చేతకాలేదు. కోడ్ నేర్చుకోవాలని అప్పుడు నిర్ణయించుకున్నాను. పొద్దున ఐదున్నరకు లేచి, ప్రెస్‌కి వెళ్ళేలోపు రెండు గంటలు కూర్చునేదాన్ని. డిగ్రీలో నాది చరిత్ర. మొదట్లో తెర మీది గుర్తులు చూస్తే భయం వేసేది. నెమ్మదిగా తెలిసివచ్చింది, మొదటి మెట్టు కోడ్ అంటే ప్రతి ముక్కకూ అదేమిటో చెప్పడమేనని. ఇది శీర్షిక. ఇది పేరా. ఇది జాబితా. ఇక్కడ నొక్కితే ఫలానా చోటికి పోతారు. అది ఎలా కనిపించాలన్నది ఆ తర్వాతి మాట. నేను జీవితమంతా ఆ తర్వాతి మాటతోనే మొదలుపెట్టానన్నమాట.

నా చేత్తో రాసిన మొదటి పేజీ తెల్లగా, బోసిగా ఉంది. నల్లటి అక్షరాలు ఎడమ అంచుకు అతుక్కుని ఉన్నాయి. ప్రెస్‌లో ఎవరికైనా చూపించాలంటే సిగ్గేసేది. మేడంకి పంపాను.

"మస్తున్నది చెల్లె!" అంది. "చరిత్ర కాడికి పోయిన, హెడ్‌మాస్టర్ల కాడికి పోయిన, మళ్ళ పైకి వచ్చిన. ఏడ తట్టుకోలే."

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆమె పరీక్షించడం, నేను దిద్దుకోవడం. ఆమెకు ఏమీ దాటిపోయేది కాదు. శీర్షికలకు పెద్దదాని నుంచి చిన్నదాని దాకా ఒకటి, రెండు, మూడు అని మెట్లుంటాయి, వరస తప్పకూడదు. "రెండో మెట్టు శీర్షికకెళ్ళి సక్కగ నాలుగో మెట్టుకు దుంకినవ్, మూడోది ఏది?" అనేది. నేను పేజీని వంద సార్లు చూసినా కనిపించని తప్పు, ఆమె ఒక్కసారి వింటే దొరికేది.

ఫొటోల దగ్గర చాలా రోజులు పట్టింది. ప్రతి ఫొటోకూ లోపల ఒక వాక్యం రాయాలి, చూడలేనివాళ్ళకు ఫోన్ ఆ వాక్యం చదువుతుంది. నేను మొదట అన్నింటికీ 'పాత ఫొటో' అని రాసి ఊరుకున్నాను. ఆమె ఒప్పుకోలేదు. "ఎవలున్నరు, ఏం చేస్తున్నరు, గది చెప్పు" అంది. ఇక ఒక్కో ఫొటో దగ్గరా కూర్చుని చూడక తప్పలేదు. ఒకదానిలో పది మంది టీచర్లు బడి మెట్ల మీద నిలబడి ఉన్నారు. చివర్లో ఉన్న పడుచు మనిషిని చూసి ఆగిపోయి, ఆమెకు ఫోన్ చేశాను.

"మేడం, ఇండ్ల మీరున్నరు."

"నేనా? గీ ఫొటో దిగిందే నాకు యాదికి లేదు. ఎట్లున్న?"

"ఆకుపచ్చ చీర కట్టుకున్నరు. నవ్వుతున్నరు. మీ పక్కనున్న సారు కండ్లు మూసుకున్నడు."

అవతల చాలాసేపు నవ్వు వినిపించింది. "రాయి, గట్లనే రాయి. సారు కండ్లు మూసుకున్నడు, నేను నవ్వుతున్న."

*

ఒకసారి మాత్రం నేను ఆమెను నొప్పించాను. పేజీ అంతా కుదిరాక నాలోని డిజైనర్ ఊరుకోలేదు. ముఖపత్రంలో ఫొటోలు వాటంతటవే ఒకదాని వెనక ఒకటి జరిగేలా పెట్టాను. అక్షరాలకు లేత బూడిద రంగు వేశాను. చూడ్డానికి ఎంత నాజూగ్గా ఉందో. మేడం విని, ఫొటో మారినప్పుడల్లా ఫోన్ తనను మళ్ళీ పేజీ పైకి తోసేస్తోందని, దాన్ని తీసేయమని అడిగింది. నాకు విసుగొచ్చింది.

"అందరు మీ లెక్క ఉండరు కదా మేడం. చూసేటోళ్ళ కోసం గూడ ఏదన్న ఉండాలె కదా" అన్నాను.

"నిజమే, ఉండాలె" అని మెల్లగా చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఆ వారం మంచిర్యాలలో మా అమ్మానాన్నల ఇంటికి వెళ్ళాను. బాపు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. నేనేదో కొత్త పని నేర్చుకుంటున్నానని అవ్వ చెప్తే, చూపించమన్నాడు. ఫోన్‌లో సైట్ తెరిచి ఇచ్చాను. కళ్ళద్దాలు పైకీ కిందికీ జరిపాడు. ఫోన్‌ను కిటికీ వెలుగులోకి తీసుకుపోయాడు. చివరికి, "అక్షరాలు గింత పలచగున్నయేంది బిడ్డా? సిరా అయిపోయిందా?" అన్నాడు. వేళాకోళం కాదు. నిజంగానే అడిగాడు. అంతలో ఫొటో జరిగింది, ఆయన చదువుతున్న వరస తప్పిపోయింది. ఇంకేం అడక్కుండా ఫోన్ నా చేతికిచ్చి, "మంచిగనే ఉన్నది" అన్నాడు.

చూసేవాళ్ళ కోసమని నేను చేసిన పని, చూపున్న మా బాపుకే చదవడం కుదరలేదు. పెరట్లోకి వెళ్ళి మేడంకి ఫోన్ చేశాను.

"అక్కా, ఆ రోజు నేనట్ల అనకుండాల్సింది" అన్నాను. మేడం కాస్తా అక్క అయింది ఆ పూటే.

"ఏమన్నవ్?" అంది.

"యాదికి లేదా?"

"యాదికున్నది. నువ్వు పరేషాన్లనే అన్నవ్, నాకు తెల్వదా? ఫికర్ చెయ్యకు. ఇంకో మూడు తప్పులు దొరికినయి, రాసుకో."

నా దగ్గర కాగితం లేదు. అవ్వ కిరాణా చీటీ వెనక రాసుకున్నాను. సాయంత్రానికి అక్షరాలన్నీ నల్లబడ్డాయి, ఫొటోలు కదలడం మానేశాయి. బాపుకు మళ్ళీ చూపించాను. ఆయన బడి చరిత్ర మొత్తం, పెదవులు కదుపుతూ, చివరిదాకా చదివాడు.

*

ఉత్సవానికి ముందు అక్క ఒక మాట చెప్పింది. పాత విద్యార్థులు ఎక్కడున్నవాళ్ళు అక్కడినుంచే తమ జ్ఞాపకాలు రాసేలా పేజీలో ఒక చోటు పెట్టమంది. అది చేయడానికి నాకు నెల పట్టింది. రాసినవి ఎక్కడికి పోతాయో, తిరిగి ఎలా వస్తాయో తెలుసుకోవడం నాకు పూర్తిగా కొత్త లోకం. అది పనిచేసిన రోజు మొదటి జ్ఞాపకం బాపు చేత రాయించాను, ఆయన ఆ బడిలో చదవకపోయినా. పరీక్ష కోసమేనని చెప్పి తర్వాత తీసేశాను.

ఉత్సవం బడి ఆవరణలోనే, షామియానా కింద, పొద్దున పదింటికి. అన్నా నేనూ వెనక వరసలో నిలబడ్డాం. జ్ఞాపకాలు చదవడానికి అక్కను పిలిచారు. ఆమె మైకు దగ్గరికి నడిచి వచ్చి నిలబడింది. చేతిలో కాగితం లేదు. ఒక చెవిలో చిన్న ఇయర్‌ఫోన్, కుడిచేయి కొంగు చాటున ఫోన్ మీద. మొదలుపెట్టింది.

ఫోన్ చెవిలో చెప్తున్న వాక్యాన్ని వింటూనే, అంతకు ముందు విన్న వాక్యాన్ని పైకి చెప్తోంది. ఎక్కడా తడబాటు లేదు. ఎవరో బావి దగ్గర కాలు జారి పడిన సంగతి చెప్పినప్పుడు గొంతు తగ్గించింది. ఒకాయన, పరీక్షలో కాపీ కొడుతుంటే కాగితం మడత చప్పుడు విని ఈ మేడమే పట్టుకుందని రాశాడు. అది కూడా దాచకుండా చదివి, "వీడు గిప్పుడు టీచరయిండు. కాగితం చప్పుడు వీనికి గూడ వినపడుతుండొచ్చు" అంది. జనం విరగబడి నవ్వారు. మా ముందు కూర్చున్న ఒక ముసలాయన నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

అన్న నా వైపు వంగాడు. "అమ్మా, ఆమెకు కనిపియ్యదంటివి. కాగితం గూడ లేదు. ఎట్ల చదువుతుంది?"

"వింటుందన్నా."

"ఏడికెళ్ళి?"

"మనం చేసిన పేజీకెళ్ళి."

ఆయన కార్యక్రమం అయ్యేదాకా చేతులు కట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. బస్సులో వస్తుంటే, "నువ్వు ఇగ ఫ్లెక్సీల కాడ ఉండకు" అన్నాడు. నన్ను పంపించేయడానికి అన్న మాట కాదు, గౌరవంతో అన్నది.

ఏడాది తర్వాత ప్రెస్ వదిలాను. ఇప్పుడు కాలేజీలకూ ఆఫీసులకూ సైట్లు చేసే ఒక చిన్న కంపెనీలో, కరీంనగర్‌లో మా ఇంటినుంచే పనిచేస్తున్నాను. తోటివాళ్ళు నాకంటే పదేళ్ళు చిన్నవాళ్ళు, ఇంజనీరింగ్ చదివినవాళ్ళు. మొదటి మూడు నెలలు మీటింగుల్లో వాళ్ళు వాడే మాటలు కాగితం మీద రాసుకుని తర్వాత వెతుక్కునేదాన్ని. ఇప్పటికీ కొన్ని వెతుక్కుంటాను. పేజీ పూర్తయ్యాక తెర ఆర్పేసి ఫోన్ చేత చదివించుకుని వినడం మాత్రం వాళ్ళు నా దగ్గర నేర్చుకున్నారు. నేను ఎవరి దగ్గర నేర్చుకున్నానో వాళ్ళకు చెప్పాను.

*

మొన్న వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో అక్క నాకొక లింకు పంపింది. తన విద్యార్థుల కోసం చరిత్ర పాఠాలతో ఒక పేజీ రాసింది. కోడ్ తానే రాసింది. ఇన్నాళ్ళూ నా తప్పులు పట్టుకుంటూ పట్టుకుంటూ నేర్చుకుందట. నాకు ఒక్క మాట చెప్పలేదు.

"లోపల అంత సరిగ్గనే ఉన్నది, విన్న" అంది. "కండ్లకు ఎట్లున్నదో నువ్వు చెప్పు."

చూశాను. అక్షరాలు అంచుకు తగిలి ఉన్నాయి. చుట్టూ కొంచెం జాగా వదలాలన్నాను. ఎందుకని అడిగింది. పదకొండేళ్ళు చేసిన పనికి కారణం చెప్పాల్సి వస్తే వెంటనే దొరకలేదు. "నువ్వు రెండు వాక్యాల నడుమ ఆగుతవు కదక్కా, గట్ల" అన్నాను. ఒప్పుకుంది. తర్వాత రంగు అడిగింది. తెలుపు వద్దంది.

"పత్తి పువ్వు రంగు కావాలె. మొదటి రోజు పూసినప్పటిది. రెండో రోజుకు ఎర్రబడతది, గది వద్దు. మా బాపు చేన్ల చూసిన. నాకు మంచిగ యాదికున్న రంగు గదొక్కటే."

బొగ్గుబాయి క్వార్టర్లలో పెరిగిన నేను పత్తి పువ్వును దగ్గరగా ఎన్నడూ చూడలేదు. అక్క బోథ్ దగ్గర పల్లెలో ఉన్న వాళ్ళ అవ్వకు చెప్పింది. మర్నాడు పొద్దున ఏడింటికే ఆ ముసలావిడ చేనులోంచి వీడియో కాల్ చేసి, తెలుగూ మరాఠీ కలిపి మాట్లాడుతూ, ఒక పువ్వును తెరకు దాదాపు ఆనించి పట్టుకుంది. నేను నాలుగు రంగులు కలిపాను. కానీ ఏది సరైనదో అక్కకు ఎలా చూపించాలి? ఒకటి పచ్చి వెన్న లాంటిది, ఒకటి శనగపప్పు లాంటిది, ఒకటి ఆ రెంటికీ మధ్యది, ఒకటి కాస్త ఆకుపచ్చ తగిలింది అని చెప్పాను. ఆమె ఒక్కోదాని గురించీ మళ్ళీ మళ్ళీ అడిగింది. చాలాసేపు ఆలోచించింది.

"వెన్న గాదు, పప్పు గాదు. నడిమిట్లది" అంది.

అదే వేశాను. నల్లటి అక్షరాలు దాని మీద చక్కగా కంటికి ఆనుతున్నాయని చెప్పాను. ఆమె పేజీ తెరిచి, తన స్పీడులోనే, మొదటినుంచి చివరిదాకా విన్నది.

"మంచిగున్నది" అంది. ఒక చోటికి వెనక్కి వెళ్ళి మళ్ళీ విని, "రెండో పేరాల ఒక అక్షరం తప్పు పోయింది. నువ్వు ముట్టకు, నేనే దిద్దుత" అంది.